మేకులు కొట్టిన వాకిలి

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను.

పుదుచ్చేరి బజారులో మా చిన్నాన్నకు బట్టల కొట్టు ఉంది. కింద కొట్టు, మేడ మీద ఆయనా చిన్నమ్మా. నేను ఊళ్లోనే సారం అనే పేట నుంచి వచ్చి ఆయనకు సాయంగా ఉంటాను.

పాత కట్టడం. వెనక మెట్లు దిగితే సందులోకి ఒక వాకిలి. మా తాత ధనిష్ఠా పంచకంలో పోయాడు. ఆ నక్షత్రాల్లో పోయినవాళ్లను ముందు వాకిలిగుండా తీసుకెళ్లకూడదన్నారు పెద్దలు. అందుకని శవాన్ని వెనకనుంచి తీసుకెళ్లి, చావు మళ్లీ అదే దారిన రాకుండా ఆ తలుపుకు మేకులు కొట్టేశారు. తర్వాత చిన్నాన్న దానికి అడ్డంగా బట్టల మూటలు పేర్చాడు.

పోయినేడు ఫైర్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, ఎంత పాత కట్టడమైనా బయటికి రెండో దారి ఉండి తీరాలని చెప్పి వెళ్లాడు. చిన్నమ్మ ఆ మాట పట్టుకుంది.

"మజ్జాన్నం పైన నేనొక్కదాన్నే పండుకోనుంటాను. మంటొస్తే యాడికి పోయేది?"

"ఆ వాకిలి తెరిస్తే ఇంట్లో ఇంకో చావు చూడాల్సొస్తాది," అన్నాడు చిన్నాన్న. ఆమెకేమవుతుందోనన్న భయంతోనే అన్నాడు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ముందు మెట్ల దగ్గర కరెంటు మీటరు అంటుకుంది. కిందున్నవాళ్లం బయటపడ్డాం. పొగలో పైకి పోలేకపోయాం. చిన్నమ్మ వెనక మెట్లు దిగింది. ఫైర్ వాళ్లు వెళ్లేసరికి మూటలు పట్టుకుని పడి ఉంది. ఒంటిమీద కాలిన మచ్చ ఒక్కటి లేదు, పొగే చంపేసింది.

ఆ మూటలు కదపడానికి మాలో ఎవరికీ చేతులు రాలేదు.

కర్మలయ్యాక, మధ్యాహ్నం పడుకుంటే వెనకనుంచి ఎవరో తలుపు తడుతున్నారన్నాడు చిన్నాన్న. ఎలుకలన్నాను. దిగులుతో మనిషి ఇలా అయిపోయాడనుకున్నాను. ఒక శుక్రవారం ఆయన పక్కన కూర్చుని నేనూ విన్నాను. నిదానంగా తట్టడం, మధ్యలో గాజుల చప్పుడు. సందులోకి పరుగెత్తి చూస్తే ఎవరూ లేరు. చప్పుడు లోపలినుంచే వస్తోంది.

అప్పటికప్పుడు వడ్రంగిని పిలిపించాను. చిన్నాన్న అడ్డు చెప్పకపోగా మూటలు తనే లాగాడు. ఆఖరి మూట తీస్తే గడప కనిపించింది. అన్నేళ్లుగా ఎవరూ చూడని గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. వడ్రంగి వేలితో తాకాడు. పసుపు ఇంకా తడిగానే ఉంది.

శుక్రవారం మా ఇంట్లో గడపలకు పసుపు రాసేది చిన్నమ్మే. ఆమె పోయాక ముందు గడపకు కూడా ఎవరూ రాయలేదు.

మేకులు పీకాక తలుపు తెరుచుకుని మెట్లమీద వెలుతురు పడింది. చిన్నాన్న గోడకు ఒదిగి నిలబడి దారి ఇచ్చాడు.

"తెరిచేసినాను. ఇంక పో మే," అని, అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆ పసుపు ఎవరు రాశారో నాకిప్పటికీ తెలియదు. ఆ చప్పుడు మళ్లీ రాలేదు. చిన్నాన్న మాత్రం రోజూ మధ్యాహ్నం వెనక మెట్లమీద కూర్చుని దానికోసమే చెవి ఒగ్గి ఉంటాడు.