హారన్ వినని ధాన్యం

కిందటేడు వేసవి మొదట్లో, ఒంటిపూట బడుల రోజుల సంగతి. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దారిలో ఒక పెద్దమనిషి పెట్టిన పాత కార్ల మ్యూజియంలో నేను సిమ్యులేటర్ ఇంజనీరుని. నిజం కారు బాడీనే కదిలే కాళ్ల మీద నిలబెడతాం. దాన్ని మోషన్ ప్లాట్‌ఫాం అంటారు. మూడు వైపులా తెర. తెరమీద గుంట వస్తే మనిషి నడుం అదరాల్సిందే. వచ్చేవాళ్లలో చాలామంది సరదాకి ఎక్కి సెల్ఫీ తీసుకుని పోతారు. ఖాదర్ గారు మాత్రం పందెం కాసి వచ్చారు.

ఆయన పామర్రు, విజయవాడల మధ్య ఏళ్ల తరబడి టాక్సీ తోలిన మనిషి. అప్పటికి పటమటలో కూతురు రేష్మా దగ్గర ఉంటూ, తన పాత అంబాసిడర్‌లో మనవలిద్దరినీ రోజూ బడికి దింపుతుండేవారు. కళ్లకి నీటికాసుల జబ్బు వచ్చి పక్కలకి చూపు తగ్గిందని, బండి మానెయ్యమని డాక్టరు చెప్పాడట. కంటాసుపత్రి బోర్డు మీద అక్షరాలన్నీ గడగడా చదివాను కదా అని ఈయన వాదన. మా మిషన్లో దేన్నీ గుద్దకుండా నడిపి గెలిస్తే తాళం ఆయన దగ్గర, ఓడితే కూతురి దగ్గర. ఇది లైసెన్సు పరీక్ష కాదు మహాప్రభో అని మొత్తుకున్నాను. తండ్రీకూతుళ్లు వింటేగా.

అంబాసిడర్ బాడీలో కూర్చోబెట్టి, మేం స్వయంగా కొలతలు తీసి తయారుచేసిన పామర్రు రోడ్డు పెట్టాను. ఎక్కిన దగ్గర్నుంచీ ఒక చెయ్యి హారన్ మీదే. ఎడమపక్క వెళ్తున్న సైకిలాయన్ని గుద్దారు. తర్వాత గేదెని.

"ఇదెక్కడి ఊరమ్మా? హారన్ కొడితే ఒక్కడూ తప్పుకోడేంటి?" అని నన్నే కోప్పడ్డారు.

ఆ మాటలో న్యాయం ఉందనిపించింది. రోడ్డు మాదే గానీ, దానిమీద తిరిగే మనుషుల ప్రోగ్రాం విదేశాల నుంచి కొన్నది. వాళ్లకి హారన్ వట్టి చప్పుడు. మనకది సగం డ్రైవింగు. కుతూహలం ఆగక, హారన్ కొడితే మనుషులూ గేదెలూ పక్కకి జరిగేలా ప్రోగ్రాం మార్చి మళ్లీ రమ్మన్నాను.

రేష్మా మొహం ముడుచుకుంది. "మీరూ ఆయన పక్షమేనా మేడం? ఆ బండెక్కేది నా పిల్లలండీ" అంది.

రెండోసారి ఖాదర్ గారు రాజాలా తోలారు. సైకిళ్లు జరిగాయి, గేదెలు జరిగాయి. నాకు భలే ముచ్చటేసింది. ఉయ్యూరు దాటాక కారు ఎడమపక్క ఎగిరిపడింది.

"ఇక్కడ గుంట పెట్టావా అమ్మా?" అన్నారు నవ్వుతూ.

గుంట కాదు. రోడ్డు వారన ఆరబోసిన ధాన్యం, బళ్లు ఎక్కకుండా దాని చుట్టూ పేర్చిన రాళ్లు. మన రోడ్ల మీద ఉంటాయి కదా అని పెట్టాను. హారన్ కొడితే అవి జరగవు.

నడిపిందంతా మళ్లీ తెరమీద వేశాను. ధాన్యం దగ్గర ఆపమని, తల పూర్తిగా ఎడమకి తిప్పి చూశారు. తర్వాత వెనక్కి, సైకిలాయన పక్కకి జరిగిన చోటు దాకా తిప్పించారు. "ఈయన ఎప్పుడొచ్చాడు?" అన్నారు. గేదెల దగ్గరా అదే ప్రశ్న. రేష్మా గెలిచిందే గానీ, ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అయితే ఇన్నాళ్లూ నేను తప్పించలేదన్నమాట. వాళ్లే తప్పుకున్నారు" అన్నారాయన మెల్లగా. జేబులోంచి తాళం తీసి కూతురి చేతిలో పెట్టి, రేపట్నుంచి పిల్లలకి ఆటో మాట్లాడమన్నారు.

ఇప్పుడు ఎవరైనా మా మిషన్ మీద చిన్న గీత కూడా పడకుండా బండి నడిపితే, వెంటనే మెచ్చుకోను. వెనక్కి తిప్పి, ఎవరెవరు పక్కకి జరిగారో చూస్తాను.