సగం సీజన్లో పోయిన కిటికీ సీటు

బళ్లారి నుంచి కుడతిని పవర్ ప్లాంటుకి పోయే మా షిఫ్టు బస్సులో తెరుచుకునే కిటికీ ఒక్కటే. దాని పక్క సీటు పద్దెనిమిదేళ్లుగా నాది. మిగతా కిటికీలన్నీ ఏ చక్రవర్తి సమాధి తలుపుల్లాగానో తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఆ గాలి కోసం నన్ను రోజుకెన్నిసార్లు హత్య చేస్తున్నారో తోటివాళ్ల కళ్లలోనే కనబడేది.

ఆ సీటుకి ఎసరుపెట్టింది ఫుట్‌బాల్. మా బస్సులో జన్మకి ఒక్కసారైనా బంతిని తన్నినవాడు లేడు. చెప్పు తెగుతుందని దారిలో రాయిని కూడా తన్నరు. అయినా మా ప్లాంటు ఆపరేటర్ ఒకడు, కప్పగల్లు దగ్గర కాలవ కింద వరి పండించే ఇంటివాడు, ఒక ఉదయం ఫోను పైకెత్తి ఫాంటసీ లీగు ప్రకటించాడు. ఏ దేశంలోనో ఆడేవాళ్లను ఫోనులో ఏరి జట్టు కట్టుకోవాలట. వాళ్లు అక్కడ గోలు కొడితే ఇక్కడ మనకి పాయింట్లట. చెమట వాళ్లది, మీసం మెలేసేది మనం! ఇంతకన్నా సిగ్గులేని వినోదాన్ని మానవజాతి కనిపెట్టలేదు.

పైగా అక్కడ సీజన్ అప్పటికే సగం అయిపోయింది.

"ఇంటర్వెల్ అయినాక టికెట్ కొనేదేందప్పా?" అన్నాను.

"సుమ్నె కూకో గురూ, నోరెత్తాకు. సీజన్ అయినాక గెల్చినోడు బస్సులో యా సీటు అడిగితే ఆ సీటు. అందరూ ఒప్పుకున్నారు."

పన్నెండు తలలు ఒక్కసారిగా నా కిటికీ వైపు తిరిగాయి. ఇక ఆడక చస్తానా!

మేము హగరి వైపు మెట్టపొలాలవాళ్లం. మా దగ్గర పంటకాలం మధ్యలో పొలం కౌలుకి తీసుకుంటే, నిలబడి ఉన్న పైరు కూడా తీసుకున్నవాడిదే. ఆ లెక్కనే అప్పటిదాకా అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చినవాళ్లను ఏరి జట్టు కట్టాను. ఆ పాయింట్లన్నీ నా ఖాతాలో పడతాయని, ఇంకెవడూ ఆడకపోయినా గెలుపు నాదేనని, మొదటి వారమంతా మహారాజులా గాలి పీల్చాను.

నా పేరు ఎదురుగా సున్నా మాత్రం కదలలేదు. నేను ఏరుకున్న ఏనుగుల్లాంటి ఆటగాళ్లలో సగంమందికి మోకాళ్లు విరిగాయి, మిగతావాళ్లు బెంచీ దిగి మైదానంలోకే రాలేదు. పాత పాయింట్లు ఎప్పుడు పడతాయని ఆపరేటర్‌ని అడిగాను.

బస్సు చక్రాలు ఊడిపోయేలా నవ్వాడు.

"మనం చేరిన వారం నుంచే లెక్కప్పా! నీ పైరు కోత ముందే అయిపోయిండాది. నువ్వు తీసుకునిండేది కొయ్యకాళ్లు!"

"నీకు ముందే తెలుసునా?"

"రూల్స్‌లోనే ఉండాది కదప్పా. నువ్వు యాడ సదివినావు?"

రూల్సు చదివి ఆడేవాడిని ఆటగాడంటారా? గుమాస్తా అంటారు. ఆ యాప్ వారానికి ఒక్కడినే మార్చనిచ్చేది. కుంటివాళ్లను ఒక్కొక్కరినీ దింపేసరికి సీజన్ అయిపోయింది. ఆ గుమాస్తాయే గెలిచాడు.

మర్నాడు నా సీట్లో కూర్చున్నాడు. నేను ఆఖరి వరసలో, చక్రం మీద. ప్రతి స్పీడు బ్రేకరుకీ నా గడ్డం మోకాళ్లకు తగిలి పళ్లు టకటకలాడేవి. ఊరు దాటకముందే వాడు కిటికీ మూసేశాడు.

"ఏందప్పా, తెరువు!" బస్సంతా అరిచింది.

"నాకు జలుబుండాది," అని తువ్వాలు తలకి చుట్టుకుని నిద్రపోయాడు.

పద్దెనిమిదేళ్లు నన్ను హత్య చేసిన కళ్లన్నీ అటు తిరిగాయి. ఈసారి వాటిలో నావీ ఉన్నాయి.