బడి గేటు దగ్గర అష్టాచెమ్మ

మా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా బడిలో పిల్లలకు బదులు నాయినలు కూర్చున్నారు...

నవ్వకండి. నాకిప్పుడు పద్దెనిమిదే, డిగ్రీ మొదటి ఏడాది. "నీకు అప్పుడే చిన్నప్పుడేందే" అని మా అమ్మ కూడా ఎగతాళి చేస్తుంది. కానీ ఆ కరోనా ఏడాది తలుచుకుంటే ఎంత వెనకటి ముచ్చటో అనిపిస్తుంది.

ముంబై నుంచి వచ్చినవాళ్లను పద్నాలుగు రోజులు ఊళ్లోకి రానివ్వలేదు. బడిలోనే ఉంచారు. మా నాయిన ముంబైలో మేస్త్రీ పని చేసేవాడు. పాలమూరు దాకా కొంత దూరం లారీలో, కొంత దూరం నడిచి వచ్చాడు. నేను చదివే ఏడో తరగతి గదిలోనే ఆయనకు చాప వేశారు.

నిజం చెప్తున్నా... అప్పటికి నాకు నాయినంటే కొత్త. పండుగకో పెళ్లికో వచ్చి, నాలుగు రోజులుండి పోయే మనిషి. ఆయన వస్తే నేను అమ్మ వెనక నక్కేదాన్ని. నాకు నడక వచ్చినప్పుడూ ఆయన ఊళ్లో లేడు, అక్షరాలు వచ్చినప్పుడూ లేడు.

రోజూ పొద్దున సద్ది తీసుకుపోవడం నా పని. జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు. గేటు ముందు బండ మీద డబ్బా పెట్టి, పది అడుగులు వెనక్కి జరగాలి. ఆయన వచ్చి తీసుకునేవాడు.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న."

"అమ్మ మంచిగున్నదా?"

"ఆ."

అంతే... ఇద్దరికీ మాటలు అయిపోయేవి. ఆయన తిని డబ్బా కడిగిచ్చేదాకా నేను చెప్పుల కేసి చూస్తూ నిలబడేదాన్ని.

నాలుగో రోజు తోచక, నేలమీద బొగ్గుతో అష్టాచెమ్మ గడులు గీసుకున్నా. అరగదీసిన చింతగింజలు నాలుగు జేబులో ఎప్పుడూ ఉండేవి. నా వంతూ నేనే, అవతలి వంతూ నేనే వేసుకుంటున్నా. గేటు లోపలి నుంచి నాయిన గొంతు వినిపించింది.

"గా అవతలి వంతు నాకియ్యరాదు?"

మర్నాడు డబ్బాతో పాటు ఆయనకూ నాలుగు గింజలు పెట్టుకుపోయా. ఆయన గేటు లోపల గింజలు వేసి ఎంత పడ్డదో కేకేసి చెప్పాలి, నేను బయట ఆయన కాయలు జరపాలి... ఇట్లా మొదలైంది మా ఆట. పది అడుగుల దూరం నుంచి ఆయన గింజలు నాకెక్కడ కనబడతాయి? చెప్పిందే నమ్మాలి.

వరసగా నాలుగు రోజులు నేనే గెలిచా! నా కాయలన్నీ పండేసరికి ఆయనవి ఇంకా మొదటి వరసలోనే దేకుతుండేవి. ఇంటికొచ్చి అమ్మ దగ్గర నా గొప్పలు ఇన్నీ అన్నీ కావు.

నాయినతో పాటు ముంబైలో పనిచేసిన గౌస్ మామ కూడా ఆ గదిలోనే ఉండేవాడు. తొమ్మిదో రోజు ఆయనకు నవ్వు ఆగలేదు.

"ఓ బిడ్డా, మీ నాయిన అష్ట పడ్డా ఒకటే అంటుండు. నేను రోజు సూస్తనే ఉన్న!"

నాకు ఒళ్లు మండిపోయింది. గెలవడానికి తొండి చేసేవాళ్లను చూశాను గానీ, ఓడిపోవడానికి తొండి ఏంటి? నన్ను పాలు తాగే పిల్లననుకున్నాడా? కాయలన్నీ కాలితో తన్నేసి, డబ్బా కూడా తీసుకోకుండా వచ్చేశా.

మర్నాడు పోనంటే పోనని కూర్చున్నా. అమ్మ తిట్టి పంపింది. ఇంకో డబ్బా బండ మీద పెట్టి వెనక్కి తిరిగా.

"జరాగు బిడ్డా..." నాయిన గేటు పట్టుకుని నిలబడ్డాడు. "నీ సంగతి నాకేం తెల్వదు గదా. ఓడగొడితే రేపటి సంది రావేమోనని భయమైంది."

అంత పెద్ద మనిషి... ఎత్తు భవనాల మీద కర్రలు పట్టుకుని నడిచే మనిషి... నేను రానని భయపడ్డాడట! అయినా కోపం మాత్రం దిగనివ్వలేదు.

"ఓడినా వస్త. సక్కగ ఆడు నాయినా."

ఆ రోజు నన్ను ఎట్లా ఓడించాడనుకున్నారు! మూడు కాయలు చంపేశాడు. ఒకటైతే పండబోయే ముందు గడిలో... కనికరమే లేదు! నేను రోడ్డు మీదే భోరుమన్నా. గౌస్ మామ చప్పట్లు కొట్టాడు. మర్నాడు అమ్మ రొట్టెలు చేయకముందే డబ్బా కడిగి పట్టుకుని నిలబడ్డా.

ఆ ఏడాది మంచిదని నేను అనను... మా మేనమామ దవాఖానలోనే పోయాడు, అమ్మకు ఆఖరి చూపు కూడా దక్కలేదు. ఇప్పటికీ ఆ మాటొస్తే అమ్మ చేతిలో పని ఆగిపోతుంది. కానీ అదే ఏడాది నాకు నాయిన దొరికాడు. రెండింటినీ కలిపి ఏమనాలో నాకు తెలియదు. దండం మాత్రం పెట్టుకుంటా.

నాయిన మళ్లీ ముంబై పోలేదు. ఇప్పుడు పాలమూరులోనే పని, పొద్దున బస్సుకు పోయి సాయంత్రానికి ఇంటికొస్తాడు. ఆటలు లేవిప్పుడు... ఆయన ఫోన్ ఆయనది, నా ఫోన్ నాది. ఆ గేటు దగ్గర పది అడుగుల దూరంలో ఉన్నప్పుడే ఎక్కువ మాట్లాడుకున్నామేమో అని ఒక్కోసారి బెంగగా ఉంటుంది.

పోయిన వారం హాస్టల్‌లో చేరతానంటే వద్దన్నాడు. అలిగి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున ఆయన బస్సుకు పోతుంటే వాకిట్లో నిలబడి చూస్తూ అనుకున్నా... ఆ ఏడాదికి ముందు ఈయన మీద అలిగేంత చనువు కూడా నాకు లేదు కదా అని!

మీకూ ఆ ఏడాది ఎవరైనా కొత్తగా దగ్గరయ్యారా... చెప్పండి, వినాలని ఉంది.