మామ ఎదుట తొంభై ఒకటి

తేన్మొళి పూవాక్కు అడిగి సొంత మామను పొల్లాచ్చికి తోలేసిందని సింగానల్లూరులో మా వీధంతా చెప్పుకుంటోంది. ఎర్రపువ్వు ఒక పొట్లంలో, తెల్లపువ్వు ఒక పొట్లంలో కట్టి మారియమ్మ ముందర పెట్టి ఒకటి తీయించిందట. పంపెయ్యమనే ఎర్రది వచ్చిందట, ముసలాయన బస్సెక్కాడట. ఈ మాట మొదలుపెట్టింది కుళాయి దగ్గర పాప్పాత్తి. ఇందులో పొల్లాచ్చి నిజం, పువ్వులు అబద్ధం.

అసలు జరిగింది వేరు. తేన్మొళి పని చేసేది పంపు మోటార్ల కంపెనీలో. పాలిటెక్నిక్ చదివిన పిల్ల అయినా మూడేళ్లుగా ప్యాకింగ్ సెక్షన్లో అట్టపెట్టెల మీద చీటీలు అంటిస్తూ ఉండేది. మామ నల్లసామి అదే కంపెనీలో మోటార్లకు రాగితీగ చుట్టే సెక్షన్‌కు ఫోర్‌మ్యాన్. ఒకరోజు కంపెనీ యజమాని, అందరూ ముదలాళి అని పిలిచే ఆయన, తేన్మొళిని పిలిపించాడు. పాతవాళ్ళు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు, వాళ్ళ చేతిలోని పనితనం వాళ్ళతోనే గేటు దాటి పోతోంది, దాన్నంతా అడిగి కంప్యూటర్లో ఎక్కించాలి అన్నాడు. దానికి నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు అని పేరు కూడా పెట్టుకున్నాడు.

"పక్క కంపెనీలో ఇదే చేసి బోర్లాపడినారు. మనకు నిలుస్తాదా నిలవదా, ముందే లెక్క కట్టి చెప్పు. నిలిచేదైతే నువ్వే దానికి ఇన్‌చార్జి. లేదంటే మళ్ళీ అట్టపెట్టెలే."

తేన్మొళికి అట్టపెట్టెల వాసన కలలోకి కూడా వస్తుంది. కాబట్టి లెక్కకు కూర్చుంది.

ఆ లెక్క పేరు ఫజ్జీ. సాంబారులో ఉప్పు ఉందా లేదా అని ఎవరూ అడగరు కదా. కొంచెం తక్కువ, పరవాలేదు, కాస్త ఎక్కువైంది అంటారు. ఈ మాటల మధ్య గోడలుండవు, ఒకటి ఇంకొకదానిలోకి జారుతూ ఉంటుంది. ఆ జారుడును కూడా వదలకుండా అందరి మాటలూ కలిపి నూటికి ఇంత అని తేల్చడమే ఆ విద్య. పెద్దల అండ ఉందా, కంప్యూటర్ అలవాటవుతుందా, చెప్పడానికి తీరిక ఉందా, అన్నిటికన్నా ముఖ్యంగా తెలిసినవాళ్ళు తెలిసింది చెప్తారా, ఇవీ ఆమె ప్రశ్నలు.

అడగడానికి నల్లసామే ముందుకొచ్చాడు. "నా సెక్షన్ కదమ్మా, నేనే అందర్నీ కూర్చోబెడతా" అని టీ వేళకు క్యాంటీన్లో అందర్నీ పోగేసి, తాను మధ్యలో కుర్చీ వేసుకున్నాడు. ఆ సెక్షన్లో సగం మంది ఆయన చుట్టాలు, మిగతా సగం ఆయన చేతికింద పని నేర్చినవాళ్ళు.

"మీకు తెలిసిన మెళకువలు చెప్తారా?" అని తేన్మొళి అడిగింది.

తీగ చుట్టేవాళ్ళలో యేసుదాస్ అనే అతను నల్లసామి మొహం చూశాడు. "చెప్పకుండా ఎట్లా, బాగా చెప్తాం" అన్నాడు.

పక్కనున్న మణిమారన్ కూడా అటే చూశాడు. "బాగా బాగా చెప్తాం."

లెక్క కడితే తొంభై ఒకటి వచ్చింది. నల్లసామి ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా భార్య వీరాయితో, "నూటికి తొంభై ఒకటి, నా పిల్లోళ్ళు" అని చెప్పుకున్నాడు.

తేన్మొళి మాత్రం ఆ అంకెను నమ్మలేదు. మనవాళ్ళలో పెద్దల ఎదుట కాదనే మాట ఎవరి నోటా రాదు. పెళ్ళిచూపుల్లో కేసరి రెండుసార్లు వడ్డించుకుని తిని, పిల్ల చాలా నచ్చిందని చెప్పిపోయినవాళ్ళు ఆ తర్వాత ఫోనెత్తరు. అట్లాంటి జనాన్ని మామ ఎదురుగా అడిగితే వచ్చిన అంకె అది. దాన్ని ఇస్తే ఉద్యోగం చేతికొస్తుంది. ఏడాదిలో ప్రాజెక్టు కూలితే తానూ దానికిందే ఉంటుంది.

మరుసటి రోజునుంచి ఒక్కొక్కరినే పట్టుకుంది. బస్టాపులో యేసుదాస్ దొరికాడు.

"అంతా చెప్పేస్తే ఇంక నేనెందుకు వాళ్ళకి? కొంజం చెప్తా, కొంజం నా దగ్గరే పెట్టుకుంటా."

మణిమారన్ టీకొట్టు వెనకకు తీసుకుపోయి మరీ చెప్పాడు. "మీ మామ చుట్టేది ఒక విధం, నేను చుట్టేది ఒక విధం. నాదే కాలిపోకుండా నిలుస్తాది. ఆయన ఎదురుగా అది చెప్పి నేను ఊళ్ళో తిరగేది ఎట్లా? ఆయన లేకుంటే అడుగు, అంతా చెప్తా."

ఈసారి లెక్క నలభై రెండుకు పడిపోయింది. మామ ఎదుట లేనట్టు పెట్టుకుని మళ్ళీ కడితే అరవై ఐదుకు లేచింది.

తేన్మొళి ఆ లెక్కల కాగితం పట్టుకుని ముదలాళి ముందర నిలబడింది. నలభై రెండంటే అట్టపెట్టెలు. అరవై ఐదంటే ఇంట్లో అత్తతో తంటా.

"ఒకటే చెప్పు తేన్మొళీ, ఔనా కాదా?"

"ఒకటి కాదు సార్. మొదట వచ్చిన తొంభై ఒకటి మర్యాదకు చెప్పింది, దాన్ని నమ్మద్దండి. మా మామ ఎదురుగా ఉంటే నలభై రెండు. లేకుంటే అరవై ఐదు."

పొల్లాచ్చి డిపోలో కొబ్బరితోటల పంపులు చూడడానికి అనుభవమున్న మనిషి కావాలని ముదలాళికి అప్పుడే గుర్తొచ్చింది. వారంలో రెండు రోజులు నల్లసామి అక్కడికి, ఆ రెండు రోజులూ ఇక్కడ ఇన్‌చార్జి తేన్మొళి ముందర సెక్షన్ నోరు విప్పడం.

నల్లసామికి పొల్లాచ్చి బాగానే పట్టింది. పోయినప్పుడల్లా కొబ్బరికాయలు మోసుకొస్తున్నాడు. కాకపోతే అక్కడినుంచి గంట గంటకూ మణిమారన్‌కు ఫోన్ చేసి, "ఏం చెప్తా ఉండావురా?" అని అడుగుతున్నాడు. బాధంతా వీరాయిది. కుళాయి దగ్గర పాప్పాత్తి, "కోడలి చేతి పువ్వు భలే పలికిందక్కా" అంటే బిందె సగం నిండకముందే ఎత్తుకొచ్చేసింది. వారం రోజులు కోడలికి కాఫీ ఇచ్చింది గానీ మాట కలపలేదు.

ఆదివారం పొద్దున కొబ్బరి తురుముతూ తురుముతూ ఆగింది.

"ఏమ్మా, ఊరంతా ఒకటి చెప్తా ఉండాది, నువ్వు ఒకటి చెప్పకుండా ఉండావు. నువ్వే పంపినావా మీ మామను? చుట్టూ తిప్పద్దు. ఔనా కాదా?"

తేన్మొళి చెయ్యి తుడుచుకుని అత్త పక్కన కూర్చుంది.

"డెబ్బై పాళ్ళు నేనే అత్తా. ముప్పై పాళ్ళు మామే. ఆ దినం క్యాంటీన్లో నడిమధ్యన కుర్చీ వేసుకోమని నేను చెప్పలేదు."