కంటి పరీక్ష నాడు తలంటు

మా మనవరాలికి కళ్లద్దాలు వచ్చింది రెండో క్లాసులో. ఇప్పుడు దానికి ఇరవై మూడేళ్లు. ఇన్నేళ్లూ ఆ అద్దాలతోనే చదువంతా గట్టెక్కించి, ఉద్యోగంలో చేరిన మూడో నెలలో, ఒక ఆదివారం పెసరట్టు తింటూ అంది:

"అమ్మమ్మా, నేను కళ్లకి లేజర్ చేయించుకుంటా."

నేను పెనం మీది అట్టు మడిచి, "ఉన్న కళ్లకేం తెగులు?" అన్నాను.

"లెన్స్ పెడితే మండుతున్నాయి. ఈ చాండ్లర్ ఊళ్లో ఎడారి గాలి, అంతా డ్రై కదా."

"అయితే అద్దాలు పెట్టుకో."

"అద్దాలు బోర్. లేవగానే నాకు ఏమీ కనిపించదు, తెలుసా?"

"లేవగానే చూసి ఏం ఉద్ధరించాలి? నువ్వు లేచేదే తొమ్మిదింటికి."

అల్లుడు పళ్లెంలోకి వంగి నవ్వుకున్నాడు. మా అమ్మాయి నవ్వలేదు. లేజర్ అయ్యాక వారం రోజులు పూటపూటకీ చుక్కలు వెయ్యాలట, పిల్ల కన్ను నలుపుకోకుండా ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాలట. వాళ్లిద్దరికీ ఆఫీసులు. పగలు ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. అంచేత, "అమ్మమ్మ సరేనంటేనే చేయించుకో, లేకపోతే లేదు" అని తేల్చేసింది.

పెళ్లయిన నాటి నుంచి నాకు ఏ ఇంట్లోనూ అంత అధికారం దక్కలేదు. దక్కింది కదా అని వెంటనే "వద్దు" అనేశాను.

నేను చదివింది అయిదో క్లాసు. పాలు వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు కూడా కడిగి దాచుకునే మనిషిని. పనిచేస్తున్న వస్తువును బాగుచేయించబోతే అది పాడవడం ఖాయమని నా నమ్మకం. వారం రోజులు పిల్ల బతిమాలింది, నేను బిగుసుకున్నాను. చివరికి, "టెస్ట్ ఫ్రీ అమ్మమ్మా, టెస్ట్ ఒక్కటి చేయించుకోనీ" అంది. ఊరికే ఇచ్చేదాన్ని వద్దనడానికి నాకు నోరు రాలేదు.

పరీక్షకి ముందు రెండు వారాలు లెన్స్ పెట్టకూడదు. ఆ రోజున కాటుక కూడదు, సెంటు కూడదు, మొహానికి క్రీము కూడదు. కాగితం మీద ఉన్నదంతా పిల్ల నాకు చదివి వినిపించింది. నేను కాటుక భరిణె తీసి పప్పుల డబ్బా వెనకాల దాచేశాను. నియమం అంటే నియమమే.

కానీ ముఖ్యమైన పనికి తలంటుకోకుండా వెళ్లడం మా ఇంట్లో లేదు. పరీక్షలకైనా, పెళ్లిచూపులకైనా ముందు తలంటు. పైగా ఆముదం కళ్లకు చలవ. పొద్దున్నే బాత్‌టబ్బులో పిల్లని కూర్చోబెట్టి, మాడున ఆముదం కొట్టి, ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చిన కుంకుడుకాయలు నలగ్గొట్టి చిక్కగా పులుసు తీసి పోశాను. "కళ్లు గట్టిగా మూసుకో" అని చెప్పాను కూడా. ఇంతలో ఫోన్ మోగింది. కళ్లు తెరిచింది. ఈ కాలం పిల్లలు కుంకుడు పులుసులోంచి కూడా ఫోన్ చూస్తారు.

ఆస్పత్రిలో మిషన్ ముందు కూర్చోబెట్టేసరికి దాని కళ్లు రెండూ పండుమిరపకాయలు. డాక్టరమ్మ ఏం పడిందని అడిగింది. పిల్ల ఇంగ్లీషులో చాలాసేపు చెప్పింది. అందులో నాకు తెలిసింది 'గ్రాండ్‌మదర్', 'ఆయిల్' రెండే. డాక్టరమ్మ నావైపు చూసి మర్యాదగా నవ్వి, ఈ కళ్లతో కొలతలు సరిగా రావు, మూడు వారాలాగి రండి, అందాకా లెన్స్ పెట్టొద్దు అని పంపించేసింది.

కార్‌లో సీట్ బెల్ట్ పెట్టుకుంటుంటే పిల్ల అడిగింది.

"పర్పస్‌గా చేసావు కదా?"

"నేనా? కాగితంలో కుంకుడుకాయ వద్దని రాశారా?"

"అమెరికాలో అది ఎవరు రాస్తారు అమ్మమ్మా!"

కావాలని చెయ్యలేదు. దేవుడి మీద ఒట్టు. కాకపోతే, రెండో సిగ్నల్ దగ్గర మాత్రం, పోనీలే ఆగిపోయింది కదా అని లోపల కాస్త సంతోషం వేసింది. అది నా మొహంలో కనబడినట్టుంది. ఆ తర్వాత నాలుగు రోజులు పిల్ల నాతో ఇంగ్లీషులోనే మాట్లాడింది. "డిన్నర్ రెడీ?" "థాంక్యూ." దానికి బాగా కోపం వస్తే తెలుగు ఆపేస్తుంది.

అయిదో రోజు శనివారం. పులిహోర పోపులో ఎండుమిరపకాయలు మాడి, నెత్తి మీది పొగ అలారం ఊరంతటికీ వినబడేలా అరవడం మొదలెట్టింది. నేను పెరటి తలుపు తీసి పళ్లెంతో పొగ విసురుతున్నాను. మా కాలనీలో బట్టలు బయట కనబడేలా ఆరెయ్యకూడదు. డ్రయర్‌కి కరెంటు తగలెయ్యడం నాకిష్టం లేదు. అందుకని నా తడి చీర డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ మీద పరిచి ఉంది.

అలారానికి ఉలిక్కిపడి లేచి, గోడ తడుముకుంటూ పరిగెత్తుకొచ్చింది పిల్ల. కళ్లద్దాలు లేవు. తిన్నగా కుర్చీ దగ్గరకెళ్లి చీర పట్టుకుంది.

"అమ్మమ్మా, లే! బయటికి పద! స్టవ్ నేను ఆపుతా!"

గట్టిగా లాగింది. కుర్చీ చీరతో సహా దాని కాలి మీద పడింది. వంగి, "సారీ సారీ, దెబ్బ తగిలిందా?" అని కుర్చీనే అడుగుతోంది.

"ఓసి పిచ్చిదానా, నేనిక్కడున్నాను" అన్నాను, ఆరడుగుల దూరం నుంచి.

అది నావైపు తిరిగి, చేతిలో చీర చూసుకుని, "మరి ఇదెవరు?" అంది.

నేను పళ్లెం పక్కన పడేసి గుమ్మంలోనే కూలబడి నవ్వాను. అదీ కాలు పట్టుకుని కింద కూర్చుని నవ్వింది. నవ్వు ఆగాక నాకు మనసంతా ఎలాగో అయింది. నామీద అంత కోపంగా ఉన్న పిల్ల, పొగ చూడగానే ముందు నాకోసమే వచ్చింది. వచ్చి, ఎదురుగా ఉన్న నన్ను వదిలేసి కుర్చీని కాపాడింది. అది అద్దాలు బోర్ అంటే, సోకుకి అంటోందనుకున్నాను ఇన్నాళ్లూ.

"చేయించుకోవే. చుక్కలు నేను వేస్తాను" అన్నాను.

"ఈసారి ఏం పోస్తావు?" అంది. నమ్మలేదు.

మూడు వారాలకి మళ్లీ వెళ్లాం. తల పొడిగా, కళ్లు తెల్లగా ఉన్నాయి. మిషన్లన్నీ అయ్యాక డాక్టరమ్మ పోయినేటి కాగితం, ఈయేటి కాగితం పక్కపక్కన పెట్టి చూపించింది. పవర్ ఇంకా కొంచెం కొంచెం పెరుగుతోందట. ఇప్పుడే చేయించుకోవచ్చు, కానీ మళ్లీ పెరిగితే మళ్లీ అద్దాలు రావచ్చు. ఏడాదాగి చూస్తే మంచిది. నిర్ణయం మీదే అంది. పిల్ల నాకు తెలుగులో చెప్పి, "నువ్వేమంటావు?" అని నా కళ్లలోకి చూసింది.

ఆగమంటే, పాత పాటే పాడుతున్నాననుకుంటుంది. చేయించుకోమంటే, దాని మెప్పు కోసం అబద్ధమాడినట్టు. ఎదిగే పిల్లకి జాకెట్టు కుట్టిస్తేనే లోపల రెండంగుళాలు బట్ట వదిలించేదాన్ని. కంటికి అలా వదిలించే వీలు లేదు కదా.

"ఆగు" అన్నాను.

"చూసావా! మళ్లీ వద్దనే."

"వద్దనలేదు. కన్ను నిలకడ కానీ అంటున్నా."

"నాకెలా తెలుస్తుంది, నిజంగానే అంటున్నావని?"

మాటలతో తేలేది కాదని లేచి, బయట కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి ముందుకెళ్లాను. "నెక్స్ట్ ఇయర్. సేమ్ మంత్. డేట్ ప్లీజ్" అన్నాను. అంత ముందుగా డేట్లు ఇవ్వరట. నేను కదల్లేదు. వేలితో కంప్యూటర్ చూపించి, "రాసుకో తల్లీ" అన్నాను తెలుగులోనే. పాపం, ఏదో రాసుకుంది. వెనక మా పిల్ల సిగ్గుతో మొహం చేతుల్లో దాచుకుంది, కానీ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందన్నమాట.

"ఓకే, ఆగుతా" అంది కార్ దగ్గరకొచ్చాక. "కానీ ఒక కండిషన్. ఈ ఇయర్ అంతా నా గ్లాసెస్ గురించి నువ్వు ఒక్క మాట కూడా అనకూడదు."

ఒప్పుకున్నాను. నాలుగు నెలలైంది. ఇవాళ పొద్దున ఆ అద్దాల మీద నూనె చేత్తో ముట్టుకున్న మరకలు చూస్తే, చెంగుతో తుడుచుకోవే అని నోటిదాకా వచ్చింది. చట్నీతో పాటు మింగేశాను. ఇంకా ఎనిమిది నెలలుంది.