గంప కింది కోడి

“అవును నాన్నా, పులినే చంపాడు.”

నిన్న రాత్రి అన్నాల దగ్గర మా అత్తయ్య ఈ మాట అన్న క్షణంలో నాకు మొదటిసారి ఆవిడ వల్ల భయం వేసింది. రెండో తరగతి చదివే మా అబ్బాయి అడిగినదానికి అది జవాబు. “నాయనమ్మా, మన ముత్తాత తుపాకీతో పులిని చంపాడు కదా! మా క్లాసులో అందరికీ చెప్పాను” అన్నాడు వాడు, చేతినిండా పప్పన్నం పట్టుకుని. ఆవిడ తలెత్తలేదు. కంచంలో మెతుకుల్ని ఒక పక్కకి నెట్టి, ఆ నాలుగు మాటలూ అనేసి, మజ్జిగ పోసుకుంది.

భయపడటం నాకు కొత్త కాదు. పిల్లలకి చేప పెట్టాలంటే ప్రతి ముక్కా వేళ్ళతో నలిపి చూస్తాను. టీవీలో వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, బందరులో ఎండ మాడుస్తున్నా కొవ్వొత్తులు కొనుక్కొస్తాను. ఇంటి ముందు మురుక్కాలవ మీద బండ కదిలిందని, గుడివాడలో సెల్‌ఫోన్ల షాపు నడుపుకుంటున్న మా ఆయనకి ఫోన్ చేసి, వచ్చేదాకా ఊరుకోలేదు. మా అత్తయ్య కథలకి మాత్రం నేనెప్పుడూ భయపడలేదు. వాటిలో జాలి ఉండేది కాదు, నిజమే. కానీ అబద్ధం కూడా ఉండేది కాదు. ఎండ్రకాయకి డెక్క విరిగితే విరిగినట్టే. కాకి పిల్ల గూట్లోంచి పడితే పడినట్టే. మా పాప బిక్కమొహం వేసుకుని “తర్వాత?” అంటే, “తర్వాతేముంది, చీమలొచ్చినయ్” అనేది. పిల్లలిద్దరూ కాసేపు ఏడ్చి, మర్నాడు అదే కథ చెప్పమని వెంటపడేవాళ్ళు.

ఆవిడది కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లె. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది. అరవై దాటాక, మనవడి స్కెచ్ పెన్ను తీసుకుని, చిరిగిన క్యాలెండరు కాగితాల వెనకవైపు కథలు రాయడం మొదలుపెట్టింది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక, మాట మాటకీ “అమ్మాయ్, దీనికి కింద ఏం తగిలించాలి?” అని వంటింట్లోకి వచ్చేది. కాగితమంతా ఊదారంగు అక్షరాలు, మధ్యమధ్య పచ్చడి మరకలు. నేను రాత్రిపూట పిల్లలు పడుకున్నాక వాటిని ఫోన్లో టైపు చేసేదాన్ని. అలా చేసిన ఒకదాన్ని, ఆవిడ సరేనన్నాకే, విజయవాడలో పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళకి పంపాను.

ఆ కథ ఇది. ఒక పాప, ఒక పెట్ట. నాన్న వేటకెళ్ళాడు. ఇంట్లో బియ్యం తప్ప ఏమీ లేదు. వేట పడితే కోడి బతుకుతుంది, పడకపోతే కోడి కూరవుతుంది. పాప కోడిని గంప కింద మూసి, గంప మీద తనే కూర్చుని ఎదురుచూస్తుంది. కోడి లోపల్నుంచి అరుస్తుంది, పాప పైనుంచి కబుర్లు చెబుతుంది. పొద్దుగూకే వేళకి నాన్న ఖాళీ చేతులతో వస్తాడు. పాప గంప మీద నుంచి లేస్తుంది. అంతే, కథ అయిపోయింది.

అందులో సముద్రం అన్న మాట ఒక్కసారి కూడా రాదు. గుమ్మం ఎదురుగా సముద్రం ఉన్నవాళ్ళు సముద్రం అని విడిగా ఎందుకంటారు? పడవ మాటా లేదు, వల మాటా లేదు. మా వైపు వేట అంటే చేపల వేటే.

ప్రచురణకర్త ఫోన్ చేసినప్పుడు స్పీకరు పెట్టి ఆవిడకిచ్చాను. పెద్దమనిషి, మర్యాదస్థుడు.

“మీ నాన్నగారు నిజంగానే వేటకెళ్ళేవారా అమ్మా?”

“రోజూ వెళ్ళేవోరండి.”

“ఒక్కరేనా?”

“నలుగురైదుగురు కలిసి. పొద్దు పొడవకముందే.”

“అబ్బో, ప్రమాదం కదండీ!”

“మరి ప్రమాదవేనండి.”

ఇద్దరూ ఎంతో చక్కగా మాట్లాడుకున్నారని నేను మురిసిపోయాను. చివర్లో ఆయన ఒక్క కోరిక కోరాడు. “పిల్లల పుస్తకం కదమ్మా, ఆ కోడిని బతికించండి.” “అది బతక్కూడదండి” అంది అత్తయ్య. ఆయన నవ్వి, “సరే, చూద్దాం లెండి” అన్నాడు. పెద్దవాళ్ళ చాదస్తం అనుకుని ఉంటాడు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

పుస్తకం ఆవిష్కరణ గుడివాడలో ఒక బడి హాల్లో పెట్టారు. అచ్చయిన పుస్తకం మేమెవరం అంతకుముందు చూడలేదు. కోడూరు వైపు నుంచి అత్తయ్య తరఫువాళ్ళు బస్సులోనూ బళ్ళ మీదా వచ్చారు. ఆవిడ పెద్దన్నయ్య, అంటే మా పెదమావయ్య, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పక్కన ఆయన భార్య. అత్తయ్య కొత్త చీర బిర్రుగా కట్టుకుని వేదిక మీద కూర్చుంది. రిబ్బను విప్పారు. పుస్తకాలు చేతులు మారాయి. కొత్త రంగుల వాసన హాలంతా అలుముకుంది.

ముందు ఎవరో పిల్లాడు కిసుక్కుమన్నాడు. తర్వాత మా వాళ్ళ వరస మొత్తం.

బొమ్మలో నాన్నకి కోరమీసాలు, మోకాళ్ళ దాకా బూట్లు, చంకలో తుపాకీ. చుట్టూ అడవి, పొదల్లోంచి తొంగిచూస్తున్న పులి. చివరి పేజీలో భుజం మీద జింక వేసుకుని, నవ్వుతూ వస్తున్నాడు. కోడి గంప మీదకెక్కి గంతులేస్తోంది. కింద వాక్యంలో ఒక్క మాట మారింది. నాన్న నిండు చేతులతో వచ్చాడు.

“ఏమే చెల్లీ,” అని ముందు వరసలోంచి పెదమావయ్య గొంతు, “మనయ్య చందువా చేపల్ని తుపాకీతో కాల్చేవోడా ఏంటే?”

హాలు ఘొల్లుమంది. నవ్వని వాళ్ళు పక్కవాళ్ళని అడిగి, అర్థం చేసుకుని మరీ నవ్వారు. “జింక కూర మాకు పంపలేదే వదినా!” అంది ఆయన భార్య, కళ్ళు తుడుచుకుంటూ. వేదిక మీద పెద్దమనుషులు ఏమీ తెలియక తామూ నవ్వారు. ప్రచురణకర్త ఇదంతా మెచ్చుకోలనుకుని లేచి దణ్ణం పెట్టాడు. అత్తయ్య కూడా నవ్వింది. పంటి కింద రాయి పడ్డ మనిషి నలుగురిలో ఉమ్మలేక నవ్వినట్టు.

అంతటితో ఆగితే బాగుండేది. టిఫిన్ల దగ్గర పెదమావయ్య ప్లేటు పట్టుకుని వచ్చి, గారె తుంచుకుంటూ, నెమ్మదిగా అన్నాడు. “బానే రాశావ్. ఆ రోజు ఇట్టా వచ్చుంటే మన బతుకులు ఇట్టా ఎందుకుండేయ్? నువ్వన్నా ఇంటికి తెచ్చావ్ మనయ్యని.” అందులో వెక్కిరింత ఎంతో, ఏడుపు ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు. అత్తయ్య చేతిలో ప్లేటు ఎవరికో ఇచ్చేసింది.

తిరిగి బందరు వస్తుంటే బస్సులో ఆవిడే చెప్పింది, కిటికీలోంచి చేల వైపు చూస్తూ. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మామయ్యగారి తండ్రి గురించి విన్నాను గానీ, ఆవిడ తండ్రి ఎలా పోయాడో నేనడగలేదు, ఎవరూ చెప్పలేదు.

“ఆ రోజు అయ్య రాలేదమ్మాయ్. పడవా రాలేదు. నేను గంప మీదే నిద్రపోయా. తెల్లారాక ఊరంతా ఒడ్డునే ఉంది. చుట్టాలొచ్చారు, కోడిని కోద్దామన్నారు. మాయమ్మ కొయ్యనివ్వలా. ఆయనొచ్చాక కోస్తానంది. దినం అయినాక కూడా అదే మాట. ఆ ముండమోపి కోడి గుడ్లు మానేసినా బతికింది, ఈకలూడినా బతికింది. గంప మూసేటప్పుడల్లా దాని పీక నులిమేయాలనిపించేది నాకు.”

కండక్టరు చిల్లర కోసం వచ్చి వెళ్ళాడు.

“కథలోనన్నా వచ్చాడు గదా అనుకున్నా,” అంది మళ్ళీ. “ఉత్త చేతుల్తో అయితే ఏంలే, వచ్చాడు. కోడిని కోశాం, తిన్నాం. ఇప్పుడదీ లేకుండా చేశారు. ఆ మీసాలోడెవడో నాకు తెలవదు.”

నేను ప్రచురణకర్తకి ఫోన్ చేశాను. ఆయన నొచ్చుకున్నాడు. బొమ్మలు వేసినతను హైదరాబాదులో ఉంటాడని, రెండో ముద్రణలో సరిచేద్దామని, అయినా పిల్లలకి పులి బాగా నచ్చుతోందని చెప్పాడు. అది నిజమే. మా వీధి పిల్లలందరికీ పులి నచ్చింది. అత్తయ్య మిగిలిన క్యాలెండరు కాగితాల్ని ఎండుచేపల డబ్బాల అడుగున పరిచేసింది. స్కెచ్ పెన్ను మనవడికి తిరిగిచ్చేసింది. కథ చెప్పమంటే, “పుస్తకం ఉందిగా, చూసుకోండి” అనేది. నిన్న మావాడు పులిని తెచ్చేసరికి, దాన్నీ ఒప్పేసుకుంది. ఇంకొన్నాళ్ళు పోతే ఆ మీసాలాయనకి దండ వేసి గోడకి తగిలిస్తారు మా పిల్లలు. వల భుజాన వేసుకుని చీకట్లో ఇంట్లోంచి వెళ్ళిన మనిషి ఈ భూమ్మీద ఎవరికీ ఏమీ కాకుండా పోతాడు. నా భయం అది.

ఈ పొద్దున పాపకి జడ వేస్తూ, అబ్బాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. ముత్తాత దగ్గర తుపాకీ లేదు, వల ఉండేది. వేట అంటే చేపల కోసం సముద్రం మీదకి వెళ్ళడం. ఒక రోజు అలా వెళ్ళి ఆయన తిరిగి రాలేదు. వంటింట్లో అత్తయ్య గరిట చప్పుడు ఆగిపోయింది.

“మరి కోడి?” అంది పాప.

“బతికింది.”

పాప చప్పట్లు కొట్టింది. జడ చేతిలోంచి జారిపోయింది.

“ఆయన ఎప్పుడొస్తాడు మరి?” అన్నాడు అబ్బాయి.

“ఆయనొచ్చే వేళ ఎప్పుడో దాటిపోయింది నాన్నా,” అన్నాను. “నాయనమ్మకి మాత్రం ఆ వేళ ఇంకా దాటలేదు.”