తోర్స్తి ప్రొఫెసరు నిమిషానికి ముప్ఫై అడుగులు

పొద్దున పదకొండు. బయట మైనస్ ఇరవై రెండు. గురువారం, అంటే క్యాంటీన్లో బఠానీ సూపు. నా కడుపు నాకంటే ముందే అక్కడికెళ్ళి కూచుంది. సరిగ్గా అప్పుడే తోర్స్తి ప్రొఫెసరు కారిడార్లో చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు ఓస్మో! హద్దు దాటావ్."

ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ల్యాబులో ఎవరు తొందరగా నడిచినా ఊరుకోడు. మెళ్ళో స్టాప్‌వాచీ. గోడమీద కాయితం: 'ఎవరైనా సరే, నిమిషానికి ముప్ఫై అడుగులే.'

"ఆకలేస్తోందయ్యా!"

"ఆకలికి హద్దు లేదు. నడకకుంది."

నేను ఏడో క్లాసులోనే బడి మానేసినోణ్ణి. హీలియం పీపాలు తోస్తా. అయినా నాక్కూడా ఓపిగ్గా చెప్పేవోడు. ఆయన యంత్రంలో ఒకే హీలియం ద్రవం రెండు రకాలుగా, ఒకదానిమీద ఒకటి ఉంటదంట. తిప్పితే పైది తిరుగుద్ది, కిందది కదల్దు. మధ్యలో రాపిడే లేదు.

"మా అమ్మా, మా ఆవిడా ఒకే వంటింట్లో ఉన్నట్టా?"

"అంతే! వేగం హద్దు దాటిందో, మధ్యలో అల లేస్తుంది. పైనున్న సుడులు కిందకి జొరబడతాయి."

"మా ఇంట్లో రోజూ జొరబడతాయి."

మనం దబదబా నడిస్తే, ఆ అదురుకి అల ముందే లేచిపోద్దని ఆయన భయం. ఓసారి ఉత్తుత్తి అగ్నిప్రమాదం పెట్టి మమ్మల్ని బయటికి రమ్మన్నారు. ఈయన వెనకాల ముప్ఫై అడుగుల లెక్కన బయటపడేసరికి, ఫైరింజనోళ్ళు మేమంతా కాలిపోయామని రాసేసుకున్నారు.

ఆ కాయితం రాకముందు వారమే సూపర్‌వైజరమ్మ రైలి నన్ను ప్రొఫెసరు గది ముందే ఆపింది. నా కుడి మోకాలు అరిగిపోయి, పీపా తోస్తే నత్తకి అన్నలా ఉండేవోణ్ణి. "అందరికంటే నువ్వే వెనక, ఓస్మో. ఇలాగైతే నీ చోట వేరే మనిషిని పెడతా" అంది. తర్వాత కాయితం పడింది. అందరూ నత్తలే. రైలితో సహా. నేనుమాత్రం సూపు చల్లారినప్పుడల్లా ఆయన్ని తిట్టుకున్నా.

మా దేశమోళ్ళకి వీడ్కోలంటే పన్ను పీకించుకున్నట్టు. ఓ సోమవారం వచ్చి చూస్తే ప్రొఫెసరు కోటు కొక్కెం ఖాళీ. రిటైరయ్యాడంట. మాటైనా చెప్పలేదు.

ఆయన బదులు ఆ గదిలోకొచ్చిన సన్నా మేడాన్ని అడిగా. "ఇంకా మెల్లగానే నడవాలామ్మా?"

"ఎందుకు? ఆ యంత్రానికి పునాదే వేరు. కారిడార్లో ఏనుగులు గెంతినా దానికి తెలీదు. తోర్స్తి గారే దగ్గరుండి కట్టించారుగా!"

పక్కనే రైలి. అంతా వింది. ఆమె కాయితం వంక చూసింది. నా మోకాలి వంక చూసింది. చెయ్యి చాపి, గోడనించి ఊడుతున్న కాయితం మూలని బొటనేలితో గట్టిగా నొక్కి అతికించింది.

"ముప్ఫై అడుగులే, ఓస్మో. సూపెక్కడికీ పోదు."